ఒకే మగ్గం గదిలో ఏడాది: ఫొటోగ్రఫీ నేర్చుకుంటూ పోర్ట్‌ఫోలియో కూర్చుకోవడం ఎలా

కెమెరా కొన్న కొత్తలో చాలామంది కనిపించిన ప్రతి పువ్వునూ, ప్రతి సూర్యాస్తమయాన్నీ, ఇంట్లోని పసిపిల్లలనూ తీస్తూ పోతారు. ఆరు నెలలు గడిచేసరికి కార్డుల నిండా వేల ఫొటోలు పోగవుతాయి. అయినా "మీరు చేసిన పని చూపించండి" అని ఎవరైనా అడిగితే వాటిలోంచి ఇరవై ఏరి ఒక వరుసలో పెట్టలేకపోతారు. ముందు ఫొటోగ్రఫీ నేర్చుకుని, ఆ తరవాత ఎప్పుడో పోర్ట్‌ఫోలియో సంగతి చూసుకోవచ్చని అనుకోవడం వల్లే ఈ ఇబ్బంది వస్తుంది. ఒకే చోటికి ఏడాది పాటు మళ్లీ మళ్లీ వెళ్లి తీసేవారికి ఈ రెండు పనులూ కలిసే జరిగిపోతాయన్నది నేను చూసిన విషయం. ఆ పద్ధతిని మొదటి రోజు నుంచి చివరి ప్రింటు వరకు ఇక్కడ వివరిస్తున్నాను. మాటలు గాలిలో తేలిపోకుండా ఉండేందుకు భూదాన్ పోచంపల్లిలోని ఒక నేత ఇంటిని ఉదాహరణగా తీసుకుంటాను.

చోటును ఎంచుకోవడం

మీ ఇంటి నుంచి గంట, గంటన్నరలో చేరుకోగలిగినదీ, మనుషులు చేతులతో పని చేస్తూ ఉండేదీ అయిన చోటును ఎంచుకోండి. పనిలో ఉన్న మనిషి కెమెరాను త్వరగా మరిచిపోతాడు. పైగా ఒకే కదలికను పదే పదే చేస్తాడు కాబట్టి, ఒకసారి తప్పిపోయిన ఫొటోను రెండు నిమిషాల తరవాత మళ్లీ తీసుకోవచ్చు. పెళ్లిలో గానీ, ఆటల పోటీలో గానీ నేర్చుకునేవారికి ఈ వెసులుబాటు దొరకదు. కృష్ణా జిల్లా పరిసరాలవారికి కొండపల్లి బొమ్మలు చేసే ఇళ్లు, ఉత్తరాంధ్రవారికి ఏటికొప్పాక లక్కబొమ్మల పనివారు లేదా విశాఖ ఫిషింగ్ హార్బర్, గుంటూరువారికి మిర్చి యార్డు ఇలాంటి చోట్లే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారు తమ పేటలోని బేకరీని ఎంచుకున్నా పద్ధతి ఇదే.

హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న పోచంపల్లిలో దారాన్ని నేతకు ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. అందువల్ల చీర మీద కనిపించే బొమ్మ మగ్గం ఎక్కకముందే దారంలో సిద్ధమై ఉంటుంది. ఆసు పోయడం (దారాన్ని మేకుల చట్రం మీద చుట్టడం), కట్లు కట్టడం, రంగు అద్దడం, కండెలు చుట్టడం, నేయడం వంటి దశలు ఒకే వాడలో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో కనిపిస్తాయి. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. కెమెరాలతో వచ్చే సందర్శకులు అక్కడివారికి కొత్త కాదు. అందువల్లనే ఒక్క మధ్యాహ్నంలో తీసిన ఫొటోలు అందరి ఫొటోల్లాగే ఉంటాయి, పదోసారి వెళ్లినప్పుడు తీసినవి మాత్రం అలా ఉండవు.

కెమెరా గురించి కొద్దిగా

ఈ విషయం మీద ఎక్కువ కాలం ఖర్చు చేయవద్దు. షట్టర్ స్పీడ్, అపర్చర్, ఐఎస్‌ఓ (వీటి అర్థం కింద వివరిస్తాను) మూడింటినీ స్వయంగా మార్చుకోగలిగిన కెమెరా, వాడినదైనా సరే, చాలు. దానికి ఎఫ్/1.8 వరకు తెరుచుకునే ఒక లెన్స్ ఉంటే మంచిది (ఎఫ్ తరవాతి అంకె చిన్నదయ్యే కొద్దీ లెన్స్ రంధ్రం పెద్దదవుతుంది). చిన్న సెన్సర్ కెమెరాలలో 35 ఎంఎం లెన్స్, పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలలో 50 ఎంఎం లెన్స్ దాదాపు ఒకే విస్తీర్ణాన్ని చూపిస్తాయి, ఇరుకు గదులకు సరిపోతాయి. కెమెరా కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే, ఈ మూడింటినీ మార్చుకోనిచ్చే ప్రో మోడ్ ఉన్న ఫోనుతోనే మొదలుపెట్టండి. మొదటి ఏడాది రెండో లెన్స్ కొనకుండా ఉండగలిగితే, జూమ్ చేయడానికి బదులు కాళ్లతో దగ్గరికి, దూరానికి జరగడం అలవాటవుతుంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తా జిల్లాలవారు మాత్రం లెన్స్‌ను తోలు సంచిలో ఉంచకుండా, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు భద్రపరచాలి. లెన్స్ లోపల ఒకసారి బూజు పట్టిందంటే దానిని పూర్తిగా తొలగించడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ.

కెమెరా తీయకముందు

మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. ఇంటివారిని "అన్నా", "పెద్దమ్మా" అని మీకు అలవాటైన వరుసతో పలకరించి, మీరు ఎవరో, ఎందుకు వచ్చారో, ఎన్నిసార్లు రావాలనుకుంటున్నారో దాచకుండా చెప్పండి. కూర్చుని పని చూడండి. ఏది ముందు, ఏది తరవాత, ఏ పనికి ఎంతసేపు పడుతుంది, పొద్దున ఎన్ని గంటలకు మగ్గం ఎక్కుతారు, ఏ వేళ దిగుతారు అనేవి అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. ఈ రాతలే తరవాత క్యాప్షన్లుగా పనికివస్తాయి.

కట్లు కడుతున్న ఒక పెద్దావిడ నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఫొటోలు తీస్కపోతరు బిడ్డా, మళ్లా ఒక్కరు గూడ కనపడరు." రెండోసారి నుంచి కెమెరా తీయండి. మూడోసారి వెళ్లేటప్పుడు, రెండో విడతలో తీసిన నాలుగైదు ఫొటోలను పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి ఇంటివారికి ఇవ్వండి. ఫోనులో పంపిన ఫొటో పది రోజుల్లో కిందికి జారిపోతుంది, కాగితం మీది ఫొటో గోడకో, అద్దం మూలకో చేరుతుంది. ప్రతిసారీ ఇలా ఇస్తూ ఉంటే, నాలుగో విడతకల్లా మీరు గదిలో ఉన్నారన్న స్పృహ వారికి తగ్గుతుంది. మీకు కావలసిన ఫొటోలు అప్పటి నుంచే మొదలవుతాయి.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మగ్గం మీద ఉన్న కొత్త డిజైన్ ఆ నేత కుటుంబానికి జీవనాధారం. అది అమ్ముడుపోకముందే దగ్గరగా, స్పష్టంగా తీసిన ఫొటో బయటికి వెళితే, ప్రింటింగ్ మిల్లులో దాన్ని నకలు చేసేవారికి పని సులువవుతుంది. చేతులు తీస్తున్నా, ముఖం తీస్తున్నా వెనుక పరుచుకున్న డిజైన్ ఫొటోలో పడుతుంది కాబట్టి, ఏవి ఇప్పుడే చూపించవచ్చో, ఏవి కొన్ని నెలలు ఆపాలో ఇంటివారిని అడిగి తెలుసుకోండి.

వెలుగును చదవడం

గుంట మగ్గం ఉన్న గదిలో సాధారణంగా ఒక కిటికీ, ఒక తలుపు ఉంటాయి, పైన ఒక ట్యూబ్‌లైట్ ఉంటుంది. ముందుగా ట్యూబ్‌లైట్‌ను ఆపవచ్చునేమో అడగండి. వారి పనికి అడ్డం కాకపోతేనే ఆపించాలి. అది ఆగిన మరుక్షణం గది రూపు మారిపోతుంది. కిటికీ వైపు ఉన్న చెంప, ముంజేయి, దారాల అంచులు వెలుగుతాయి. అటువైపు భాగం మెల్లగా నీడలోకి జారుతుంది. ఆ వెలుగు నుంచి నీడకు మారే అంచునే గమనించండి. దారం నునుపు, చేతి నరాలు, పాత కర్ర మీది గీతలు కంటికి ఆనేది అక్కడే.

మీ సొంత చేతితో ఒక చిన్న అభ్యాసం చేయండి. అరచేతిని కిటికీకి ఎదురుగా పెట్టి మెల్లగా తిప్పండి. వెలుగు సూటిగా పడినప్పుడు చేతి గీతలు మాయమై చేయి చదునుగా కనిపిస్తుంది, పక్క నుంచి పడినప్పుడు ప్రతి గీతా లేచి నిలుస్తుంది, వెలుగు చేతి వెనుకకు వెళ్లినప్పుడు అంచు మాత్రమే మెరుస్తుంది. ఈ మూడింటిలో ఏది కావాలో నిర్ణయించుకుని, దాని ప్రకారం మీరు జరగండి, నేసేవారిని జరగమని అడగకండి. కిటికీకీ మనిషికీ మధ్య మీరు నిలబడితే మీ నీడే వారి మీద పడుతుంది, అది గమనించుకోవాలి.

పాతకాలపు ఫొటోగ్రాఫర్ల పనిని చూడడం కూడా ఇక్కడే ఉపయోగపడుతుంది. 1844లో పుట్టిన రాజా దీన్ దయాళ్ ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీ నేర్చుకుని, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. ఆ రోజుల్లో స్టూడియో ఫొటోలకు పగటి వెలుగే ప్రధాన ఆధారం. ఆయన తీసిన చిత్రాలలో ఒక్కొక్కదాన్నీ తీసుకుని, ముక్కు నీడ ఎటు పడింది, ఏ చెంప ముదురుగా ఉంది అని చూసి, వెలుగు ఏ వైపు నుంచి వచ్చి ఉంటుందో కాగితం మీద గీయండి. పది చిత్రాలకు ఇలా చేస్తే, గదిలోకి అడుగుపెట్టగానే ఎక్కడ నిలబడాలో చూపు దానంతట అదే వెతుకుతుంది.

ఎక్స్‌పోజర్ నేర్చుకోవడం: ఆసు దగ్గర ఒక గంట

షట్టర్ స్పీడ్ వెలుగు లోపలికి వచ్చే సమయాన్ని, అపర్చర్ వెలుగు వచ్చే రంధ్రాన్ని నిర్ణయిస్తాయి. ఐఎస్‌ఓ లోపలికి వచ్చిన వెలుగును ఎంతగా పెంచి చూపాలో నిర్ణయిస్తుంది. ఈ మూడూ కలిసి ఫొటో ఎంత వెలుగుగా వస్తుందో, అంటే ఎక్స్‌పోజర్‌ను, నిర్ణయిస్తాయి. ఈ మాటలు ఎక్కడైనా చదవవచ్చు. చదివితే అర్థమవుతాయే గానీ చేతికి రావు. చేతికి రావాలంటే ఆసు పోసేవారి ముందు ఒక గంట కూర్చోండి.

ఆసు చట్రానికి ఒక చివర ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరుస ఉంటాయి. దారాన్ని ఆ ఒక్క మేకు నుంచి వరుసలోని మేకులకు, మళ్లీ వెనక్కి చుట్టుతూ పోవాలి. చేత్తో పోసేటప్పుడు ఒక చీరకు ఆ చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడుతుంది. సాధారణంగా ఇంటి ఆడవాళ్ల మీద పడే ఈ శ్రమను తగ్గించేందుకే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతి ఆసు, యంత్రం రెండూ చూసే అవకాశం దొరికితే రెండింటినీ తీయండి, ఆ జంట మీ వరుసలో గట్టి భాగమవుతుంది.

కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ఎఫ్/2.8, 1/60 సెకను, ఐఎస్‌ఓ 800 వద్ద ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉందని అనుకుందాం. ఇప్పుడు షట్టర్‌ను 1/500కు మార్చండి. వెలుగు సగానికి సగం చొప్పున మూడు మెట్లు తగ్గింది కాబట్టి, ఐఎస్‌ఓను 1600, 3200, 6400 అని మూడు మెట్లు పెంచాలి. ఫొటోలో చేయి గాలిలో ఆగిపోతుంది, వేళ్ల మధ్య దారం కూడా స్పష్టంగా కనిపిస్తుంది, కానీ చీకటి భాగాలలో గరుకైన చుక్కలు చేరతాయి. తరవాత షట్టర్‌ను 1/15కు తగ్గించి, ఐఎస్‌ఓను 200కు దించండి. వీపును గోడకు ఆనించి, మోచేతులను మోకాళ్ల మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వరుసగా ఇరవై తీయండి. మేకులు, చట్రం, ఆమె ముఖం నిలకడగా ఉండి, చేయి మాత్రం పలచటి పొరలాగా అటూ ఇటూ పరుచుకున్న ఫొటో ఆ ఇరవైలో ఒకటో రెండో దొరుకుతుంది. ఆ పని ఎంత అలసటో ఆగిపోయిన చేయి చెప్పలేదు, చెదిరిన చేయి చెబుతుంది. నా మటుకు నేను రెండో దానినే వరుసలో ఉంచుతాను. మీ అభిప్రాయం వేరుగా ఉండవచ్చు, అయితే రెండూ తీసి పక్కపక్కన పెట్టుకుని చూశాకే నిర్ణయించుకోండి.

అదే గంటలో అపర్చర్ సంగతీ చూసుకోండి. ఎఫ్/1.8 దగ్గర ఒక మేకు మాత్రమే ఫోకస్‌లో ఉండి మిగతా వరుస కరిగిపోతుంది. ఎఫ్/5.6 వద్ద వరుసలో చాలా భాగం తేటపడుతుంది. కొత్తవారు వెనుక భాగం మసకగా కనిపించడాన్నే మంచి ఫొటోకు గుర్తు అనుకుంటారు. మగ్గం గదిలో మాత్రం గోడకు తగిలించిన క్యాలెండరు, మూలన ఉన్న పిల్లల స్కూలు సంచి, దండెం మీది రంగు దారపు చిలపలు కూడా ఆ ఇంటి కథలోనివే. వాటిని మసకలో పోగొట్టుకోవద్దు.

కొలత తప్పే చోట్లు

వెలుగును కొలిచే కెమెరా మీటర్ తాను చూసినదంతా మధ్యస్థమైన బూడిద రంగు అని లెక్కవేస్తుంది. అందుకే తెల్ల పంచె కట్టిన తాతను ఫ్రేము నిండా తీస్తే పంచె మాసినట్టు కనిపిస్తుంది, నల్ల గేదెను తీస్తే అది బూడిద గేదె అవుతుంది. తెలుపు ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటర్ లెక్కను సవరించే సర్దుబాటును) ఒక మెట్టు పెంచండి, నలుపు ఎక్కువగా ఉన్నప్పుడు ఒక మెట్టు తగ్గించండి. కిటికీ కూడా ఫ్రేములో ఉంటే, కెమెరా కిటికీని చూసి మనిషిని చీకట్లోకి నెట్టేస్తుంది. అప్పుడు ఫ్రేములోని చిన్న చోటును మాత్రమే కొలిచే స్పాట్ మీటరింగ్‌తో చెంప మీద కొలవండి. కిటికీ అవతల ఉన్నది తెల్లబారిపోయినా ఫరవాలేదు.

ట్యూబ్‌లైట్‌ను ఆపే వీలులేని ఇళ్లలో మరొక చిక్కు వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, పాత ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 1/500 లాంటి వేగం పెడితే ఫొటోలో అడ్డ చారలు పడడం, ఒక ఫొటో వెలుగుగా మరొకటి చీకటిగా రావడం అందువల్లనే. 1/100 లేదా 1/50 దగ్గర ఈ తేడా దాదాపుగా పోతుంది. సైలెంట్ షట్టర్ వాడినప్పుడు చారలు మరింత ఎక్కువవుతాయి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడివారు 1/60, 1/120 లాంటి వేగాలు వాడాలి.

ఒక్కో విడతకు ఒక్కో పని

వెళ్లిన ప్రతిసారీ అన్నీ తీయాలని చూడవద్దు. ఒకసారి చేతులు మాత్రమే తీయండి. ఒకసారి గది మొత్తం కనిపించేలా మూలన నిలబడి తీయండి. ఒకసారి మనిషి లేకుండా మనిషి జాడలు మాత్రమే వెతకండి. నేసేవారు కూర్చుని కూర్చుని నునుపెక్కిన పలక, రంగు అంటిన గోళ్లు, తాగి పక్కన పెట్టిన టీ గ్లాసు, గుంటలో కాళ్ల కింది తొక్కుడు చెక్కలు అలాంటివి. మరొకసారి ముఖాలే తీయండి. వానాకాలంలో దారం ఆరని రోజున, పండుగకు ముందు గిరాకీ పెరిగిన వారంలో, మగ్గం ఖాళీగా ఉన్న రోజున కూడా వెళ్లండి. మగ్గం ఆగిన రోజున తీసినవాటికే మీ పోర్ట్‌ఫోలియోలో ఎక్కువ బరువు ఉండవచ్చు.

ఇంటికి వచ్చిన రోజు రాత్రే చేయవలసినవి

ఫొటోలను రా ఫార్మాట్‌లో, అంటే సెన్సర్ పట్టినదాన్ని కుదించకుండా దాచే ఫైలుగా, తీయండి. 14 బిట్ల రా ఫైలు ఒక్కో రంగుకు 16,384 మెట్లను దాచుకుంటుంది, జేపెగ్ 256 మెట్లతో సరిపెడుతుంది. నీడలో ఉన్న చెంపను తరవాత కాస్త వెలుగులోకి తేవాలంటే ఈ తేడా తెలిసివస్తుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాతో ఒక విడతలో 300 ఫొటోలు తీస్తే సుమారు 8 జీబీ అవుతుంది. వాటిని ఆ రాత్రే కంప్యూటర్‌లోకి ఎక్కించి, మరొక హార్డ్‌డిస్క్‌లో ఇంకొక కాపీ తీసి, ఎంపిక చేసినవాటిని ఆన్‌లైన్ నిల్వలో గానీ, వేరే ఇంట్లో ఉంచిన డిస్క్‌లో గానీ మూడో కాపీగా పెట్టండి. రెండు చోట్ల ఉన్నాయని కళ్లతో చూసుకునేదాకా కార్డును ఫార్మాట్ చేయవద్దు. ఒక వేసవిలో నేను ఒకే డిస్క్‌ను నమ్ముకుని రంగుల అద్దకం మీద తీసిన రెండు నెలల పనిని పోగొట్టుకున్నాను. అద్దకం చేసిన ఆ పెద్దాయన తరువాతి ఏడాది పని మానుకున్నారు. ఆ ఫొటోలు మళ్లీ తీయడానికి నాకు వీలు కలగలేదు.

ఫోల్డరు పేరును తేదీతో మొదలుపెట్టండి. 2025-07-12-పోచంపల్లి-ఆసు అన్నట్టు పెడితే ఏళ్ల తరవాత కూడా వరుస చెడదు. నోటు పుస్తకంలో రాసుకున్న పేర్లు, వయసులు, పని వివరాలను అదే రాత్రి ఫోల్డరులో ఒక ఫైలుగా చేర్చండి.

ఎడిటింగ్‌కు లైట్‌రూమ్ కొనగలిగితే సరే, లేకపోతే డార్క్‌టేబుల్, రా థెరపీ అనేవి ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో స్నాప్‌సీడ్ చాలు. ముందుగా వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే కనిపించేలా రంగులను సర్దడం), తరవాత ఎక్స్‌పోజర్, తరవాత నీడలు, చివరగా ఫ్రేము కోత అనే క్రమంలో వెళ్లండి. పోచంపల్లి లాంటి చోట రంగే అసలు విషయం కాబట్టి, మొదటి ఫ్రేములో ఒక బూడిద రంగు కార్డును పెట్టి తీసుకుంటే, ఆ ఎరుపు ఏ ఎరుపో తరవాత ఊహించుకోవలసిన అవసరం ఉండదు.

ఒక విషయాన్ని ఇక్కడ గట్టిగా చెప్పాలి. మన దగ్గర చాలా కాలంగా ఫొటో బాగుచేయడం అంటే మనిషిని తెల్లగా చేయడం అనే అలవాటు పాతుకుపోయింది. దయచేసి మీరు ఆ పని చేయకండి. చామనఛాయ, నలుపు మేనిఛాయలలో కిటికీ వెలుగు పడినప్పుడు కనిపించే రాగి మెరుపు, నీలి నీడ చర్మాన్ని తెల్లబరిస్తే పూర్తిగా చచ్చిపోతాయి. పైగా తన ముఖాన్ని తనదిగా గుర్తుపట్టే హక్కు ఆ మనిషికి ఉంది.

ఏరడం

ఏడాదిలో ఇరవై విడతలు వెళితే మీ దగ్గర నాలుగైదు వేల ఫొటోలు ఉంటాయి. చాలామంది పోర్ట్‌ఫోలియోలు దెబ్బతినేది తీయడంలో కాదు, ఏరడంలో. నా తొలి పోర్ట్‌ఫోలియోలో 60 ఫొటోలు ఉండేవి. దానిని చూసిన పత్రికా సంపాదకుడు పదిహేనో ఫొటో దగ్గర ఆగి, "వీటిలో ఏవి పోతే మీకు బాధ ఉండదో అవి ముందు తీసేసి రండి" అని తిరిగి ఇచ్చారు. రెండు నెలలు కూర్చుని 18కి తగ్గించాను. తొలి పాఠం నాకు అక్కడే అందింది కాబట్టి ఈ భాగాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

తీసిన వెంటనే ఏరవద్దు. కనీసం రెండు వారాలు ఆగండి. ఆ రోజు ఎండలో పడిన శ్రమ, ఆ ఫొటో కోసం ఎదురుచూసిన గంట మీకు తెలుసు కాబట్టి, ఫొటోలో లేని విలువను మీరు దానికి కలిపి చూస్తారు. చూసేవారికి ఆ శ్రమ తెలియదు. రెండు వారాలు గడిస్తే మీరూ కొంతవరకు చూసేవారే అవుతారు. మొదటి వడపోతలో ఫోకస్ తప్పినవి, కళ్లు మూసుకున్నవి, ఒకే భంగిమకు నకళ్లు పోగా 300 దాకా మిగలాలి. నెల తరవాత వాటిని మళ్లీ చూసి 100కు తగ్గించి, ఆ వందనూ చిన్న సైజులో చౌకగా ప్రింటు వేయించి, ఇంటి నేల మీద పరచండి.

నేల మీద పరిచినప్పుడు తెర మీద కనబడని సంగతులు బయటపడతాయి. ఒకే కోణంలో తీసిన చేతులు పదకొండు ఉన్నాయని, నవ్వుతున్న ముఖాలు మాత్రమే ఉన్నాయని, ఇంటి బయటి వీధి ఒక్కదానిలోనూ లేదని అప్పుడే తెలుస్తుంది. ఒకే మాట చెప్పే రెండు ఫొటోలలో ఒకటి తీసేయండి. విడిగా ఎంతో అందంగా ఉండి, వరుసలో ఇమడనిది ఉంటే దాన్నీ పక్కన పెట్టండి. ఈ కోత చాలా కష్టంగా ఉంటుంది. లేనివాటిని చీటీ మీద రాసుకుని వాటి కోసం మళ్లీ వెళ్లండి. చివరకు 15 నుంచి 20 ఫొటోలు నిలబడితే చాలు. ఇంట్లోవారికి చూపిస్తే అన్నీ బాగున్నాయనే అంటారు. కాబట్టి ఫొటోగ్రఫీ తెలిసిన ఒకరికి, ఏమాత్రం తెలియని ఒకరికి చూపించి, వారు ఏ ఫొటో దగ్గర ఎక్కువసేపు ఆగారో మాటలు లేకుండా గమనించండి.

వరుస, క్యాప్షన్లు

మొదటి ఫొటో చూసేవారిని గదిలోకి తీసుకురావాలి, చివరిది వారి మనసులో నిలవాలి. మీ అత్యుత్తమమైన రెండింటినీ ఆ రెండు స్థానాలకు కేటాయించండి. మధ్యలో దూరపు ఫొటో తరవాత దగ్గరిది, నిండుగా ఉన్నదాని తరవాత ఖాళీగా ఉన్నది వచ్చేలా చూడండి. పక్కపక్కన వచ్చే రెండు ఫొటోలకు ఏదో ఒక పోలిక ఉంటే కన్ను సులువుగా జారుతుంది. ఆసు మేకుల అర్ధచంద్రం పక్కన పెద్దమ్మ చేతి గాజుల వంపు వచ్చినట్టు.

క్యాప్షన్‌లో ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఎప్పుడు అనేవి ఉంటే చాలు. "శ్రమైక జీవన సౌందర్యం" లాంటి మాటలు వద్దు. "ఆసు పోస్తున్న ఫలానా ఆమె, 54, భూదాన్ పోచంపల్లి, జులై 2025" అని రాస్తే, మిగతాది ఫొటోయే చెబుతుంది. వస్తువుకు అక్కడివారు వాడే పేరునే వాడండి. కండెను బాబిన్ అని, నాడెను షటిల్ అని మార్చనక్కరలేదు. పేరు వేయడానికి ఒప్పుకోనివారి పేరు రాయకండి. ప్రకటనలకు, వ్యాపారానికి ఆ ఫొటో వాడే ఉద్దేశం ఉంటే, ఆ మనిషి నుంచి రాతపూర్వకమైన అంగీకారం వేరుగా తీసుకోవాలి.

ఏ రూపంలో, ఎవరికి

వెబ్‌లో పెట్టడానికి పొడవు వైపు 2048 పిక్సెళ్లు, ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో వాడే రంగుల ప్రమాణం) రంగులతో జేపెగ్‌గా మార్చండి. 8×12 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చొప్పున 2400×3600 పిక్సెళ్లు కావాలి. ఒక పీడీఎఫ్, ఒక సాదా వెబ్ పేజీ, ఒక పెట్టెలో ఇరవై ప్రింట్లు ఉంటే ఎవరికైనా చూపవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌ను పరిచయానికి వాడుకోండి గానీ దానినే పోర్ట్‌ఫోలియో అనుకోవద్దు, అక్కడ వరుస మీ చేతిలో ఉండదు. చదువుగా కొనసాగించాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో డిగ్రీ, గాంధీనగర్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో పీజీ ఉన్నాయి. 2015లో హైదరాబాద్‌లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కు ఒక్కసారైనా వెళ్లి, ఇతరులు తమ పనిని ఎంతకు తగ్గించి, ఏ వరుసలో గోడకు పెట్టారో చూడండి.

హక్కుల సంగతి ముందే తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మీరు మీ కోసం తీసిన ఫొటోకు హక్కుదారు మీరే. ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు మాత్రం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. కాబట్టి పెళ్లి, వ్యాపార ఫొటోలు ఒప్పుకునే ముందే, వాటిలో కొన్నింటిని మీ పోర్ట్‌ఫోలియోలో చూపించుకునేందుకు అనుమతిని కాగితం మీద రాయించుకోండి.

ఇరవై ప్రింట్లూ సిద్ధమయ్యాక, బయటివారికి పంపే ముందు వాటిని మగ్గం గదికి తీసుకువెళ్లండి. ఇంటివారందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చేతికిచ్చి, క్యాప్షన్ పైకి చదవండి. పేరులో ఒత్తు తప్పిందని ఒకరు, అది అద్దకానికి ముందు కట్టు కాదు, రెండో రంగుకు కట్టిన కట్టు అని మరొకరు దిద్దుతారు. ఒక ఫొటో వద్దని ఎవరైనా అంటే తీసేయండి. ఆ దిద్దుబాట్లను పెన్సిలుతో ప్రింటు వెనుకే రాసుకుని, ఇంటికి వచ్చి ఫైళ్లు సరిచేశాక పంపండి.